పట్టాల మీది అడ్డదారి

బదిలీ ఉద్యోగుల పిల్లలం కదా, కొత్త ఊరంటే మనకు కొత్తేమీ కాదు. సామాన్ల లారీ దిగిన సాయంత్రానికే పాలు ఎక్కడ దొరుకుతాయో అమ్మ కనుక్కుంటుంది. గ్యాసు సంగతి నాన్న చూసుకుంటారు. మనం కనుక్కునేవి వేరే ఉంటాయి. నోటు పుస్తకాలకు వేసే గోధుమరంగు అట్టలు ఏ దుకాణంలో ఉంటాయి, ఏ మాస్టారు హోంవర్కు గట్టిగా అడుగుతారు, బడికి దగ్గరి దారి ఏది. ఈ మూడోది పెద్దవాళ్లెవరూ చెప్పరు. క్వార్టర్లలోకి మనకంటే ముందు వచ్చిన పిల్లలే చెబుతారు. చెప్పారంటే మనల్ని తమలో కలుపుకున్నారన్నమాట. ఆ సంతోషంలో దారి ఎటు పోతోందో కూడా చూడకుండా వాళ్ల వెనక నడిచేస్తాం.

నాకిది నాలుగో ఊరు, నాలుగో బడి. ఇక్కడ మా క్వార్టర్లకూ బడికీ మధ్య రైలు పట్టాలున్నాయి. వచ్చే బండ్లకు ఒక లైను, పోయే బండ్లకు ఒక లైను, పక్కన గూడ్సు బండ్లు ఆగడానికి మరో రెండు. స్టేషను చివర ఉన్న ఫుట్ బ్రిడ్జి ఎక్కి దిగి వెళితే 20 నిమిషాలు పడుతుంది. ప్రహరీ గోడకున్న కంతలోంచి దూరి పట్టాలు దాటితే 8 నిమిషాలు. మేం దిగిన మూడో రోజునే ఆ కంత మాకు చూపించారు. ఆరో తరగతి చదివే మా తమ్ముడికైతే అది ఏదో కోటలోని రహస్య ద్వారంలా కనిపించింది. రెండు నెలల పాటు ఇద్దరం ఆ దారినే వెళ్లాం. ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో చెప్పలేని దారి అని తెలిసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఒకరోజు బడి వదిలాక వచ్చేసరికి గూడ్సు బండి అడ్డంగా నిలబడి ఉంది. ఆ చివరా ఈ చివరా కనిపించనంత పొడవు. మాతో వచ్చిన పిల్లలు అలవాటుగా వంగి, రెండు వ్యాగన్ల మధ్య కొక్కెం కింద నుంచి అవతలికి పోయారు. వాళ్ల వెనక తమ్ముడూ దూరాడు. వాడు సగంలో ఉండగా ఎక్కడో దూరంగా ఖంగుమని చప్పుడైంది. ఆ చప్పుడు ఒక వ్యాగను నుంచి ఇంకో వ్యాగనుకు పాకుతూ మా వైపు వచ్చింది. బండి కదలబోతోందని నాకు అర్థమయ్యేలోపు వాడు అవతల పడ్డాడు. భుజానికి తగిలించుకున్న నీళ్ల సీసా పట్టీ మాత్రం దేనికో చిక్కుకుని తెగిపోయింది. బండి పూర్తిగా పోయేదాకా వాడు అవతల, నేను ఇవతల. చక్రాల సందుల్లోంచి వాడి బూట్లు కనిపిస్తూ ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. మర్నాడు ఆ స్టీలు సీసా పట్టాల మధ్య అప్పడంలా పడి ఉంది.

ఆ సీసా చూశాకే నేను ఆలోచించడం మొదలుపెట్టాను. పట్టాలు దాటేవాళ్లంతా ఒకే లెక్క తప్పుతున్నారని నా అభిప్రాయం. ‘‘రోజూ వెళ్తున్నాం, ఏమైంది?’’ అని అడుగుతారు. రోజూ ఏమీ కాకపోవడం వల్లే భయం పోతుంది. భయం పోయాక చూడడం మానేస్తాం.

చూసినా సరిగ్గా కనిపించదు, అది ఇంకో సంగతి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లు దాటేస్తుంది. మన క్రీడాదినోత్సవంలో 100 మీటర్ల పరుగు గెలిచిన అన్నయ్యకు 13 సెకన్లు పట్టింది, అందరం చప్పట్లు కొట్టాం. రైలుకు ఆ దూరం మూడున్నర సెకన్లు కూడా పట్టదు. వీపున పుస్తకాల సంచితో, కాలు జారే కంకర మీద, రెండు లైన్లు దాటడానికి నాకు దాదాపు 10 సెకన్లు పట్టేది. ఆ 10 సెకన్లలో బండి 300 మీటర్లు వచ్చేస్తుంది. 300 మీటర్ల దూరంలో ఉన్న ఇంజను చిన్న బొమ్మలా ఉంటుంది. దాన్ని చూసి ‘ఇంకా చాలా దూరంలో ఉంది’ అనుకుంటాం.

ఇలా అనుకోవడం మన తెలివితక్కువతనం కాదు, కంటి స్వభావం. లైబోవిట్జ్ అనే అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1985లోనే దీని గురించి రాశాడు. పెద్ద వస్తువు కదులుతుంటే మన కంటికి అది అసలు వేగం కన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు తోస్తుందట. పెద్ద విమానం దిగుతున్నప్పుడు గాలిలో తేలుతున్నట్టు నింపాదిగా కనిపించడం మీలో చాలామంది చూసే ఉంటారు. అందులోనూ రైలు మనకు ఎదురుగా వస్తుంటే పక్కకు కదలిక ఏమీ తెలియదు. కాసేపు ఉన్నచోటనే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పెద్దదైపోతుంది. కరెంటు ఇంజనుకు పాత డీజిలు ఇంజను మోత కూడా ఉండదు. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది!

ఇంకొకటి కూడా చాలామందికి తెలియదు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. వాటి మీద నడిచే పెట్టె వెడల్పు సుమారు మూడుంబావు మీటర్లు. అంటే పట్టాకు అవతల ఇటు ముప్పావు మీటరు, అటు ముప్పావు మీటరు పెట్టె బయటికి వచ్చి ఉంటుంది. పట్టా దాటేశాను కదా అని దాని పక్కనే నిలబడ్డ మనిషి నిజానికి రైలు దారిలోనే నిలబడ్డాడు. ఒక బండి పోయేదాకా ఆగి, దాని చివరి పెట్టె దాటగానే పరుగు తీసేవాళ్లది మరో పొరపాటు. ఆ బండి మోతలో, దాని చాటున, రెండో లైను మీద ఇంకో బండి వస్తూ ఉండవచ్చు.

మా పక్క క్వార్టర్లో ఉండే బాబాయిగారు లోకో పైలట్. రాజమహేంద్రవరం వైపు వారు. సీసా సంగతి దాచిపెట్టి, ఊరికే అడుగుతున్నట్టు ఒక సాయంత్రం అడిగాను.

‘‘పట్టాల మీద మనిషి కనిపిస్తే మీరు బ్రేకు వేస్తారు కదా బాబాయిగారూ, బండి ఆగదా?’’

‘‘ఆగుద్దమ్మా. మనిషి దగ్గర కాదు, మనిషిని దాటుకుని ఆగుద్ది. మంచి వేగంలో ఉంటే దాదాపు కిలోమీటరు పట్టుద్ది. గూడ్సుకు యాభైకి పైగా వ్యాగన్లు, వేల టన్నుల బరువు. అది నా మాట వినాలంటే టైము కావాలి.’’

కాసేపాగి మళ్లీ ఆయనే అన్నారు. ‘‘కారైతే పక్కకు తిప్పొచ్చు. నా చేతిలో ఉన్నయి రెండే, హారను, బ్రేకు. రెండూ వాడేశాక ఇంక చెయ్యడానికేం లేదు. చూస్తా కూర్చోటమే.’’

‘‘కళ్లు మూసుకుంటారా?’’ అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

‘‘మూసుకోకూడదమ్మా. ముందు సిగ్నలు చూడాలి గదా.’’

ఆయన సర్వీసులో ఒకసారి బడి యూనిఫాంలో ఉన్న కుర్రాడు అడ్డం వచ్చాడట. చివరి క్షణంలో తల తిప్పి ఇంజను వైపు చూశాడట. అంతకు మించి ఆయన చెప్పలేదు. పిన్నిగారు లోపలి నుంచి టీ తెచ్చి ఆయన ముందు పెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచి, ‘‘ఆ మాట ఎత్తకమ్మా, రాత్రికి నిద్రపోరు’’ అన్నారు. లేచి వచ్చేస్తుంటే బాబాయిగారు, ‘‘మన క్వార్టర్ల గోడకు కంత ఉంది చూడు, అక్కడ ఎవరూ లేకపోయినా నేను హారను కొడతానే ఉంటాను’’ అన్నారు. ఆయనకు కంత సంగతి తెలుసు. అందులోంచి వచ్చేది మేమేనని తెలుసో లేదో నేను అడగలేదు.

పట్టాలు దాటడం ‘నా ప్రాణం, నా ఇష్టం’ అనేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ ఇంజనులో కూర్చున్నది ఎవరో ఒకరి నాన్న. మన బడిలోనే ఏదో తరగతిలో ఆయన పిల్లలు చదువుతూ ఉండవచ్చు.

ఇక గేట్ల సంగతి. గేటు పడితే చాలు, గేట్‌మన్‌ను తిట్టడం మన ఊళ్లన్నిటిలోనూ ఉన్నదే. ‘‘బండి జాడే లేదు, పది నిమిషాల ముందే వేసేశాడు’’ అంటారు. సిగ్నలుతో ముడిపెట్టిన గేట్ల దగ్గర జరిగేది వేరు. గేటు పూర్తిగా పడి తాళం పడితేనే రైలుకు సిగ్నలు వస్తుంది. గేటు వేయకపోతే బండి బయటే ఆగిపోవాలి. అంటే మన కంటికి బండి కనిపించక ముందే గేటు పడడం ఆయన సోమరితనం కాదు, ఆ ఏర్పాటే అంత. బండ్లో వెళ్లే వెయ్యి మంది భద్రత ఆ తాళంలో ఉంది. రైలులో వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూడండి, గేటు రావడానికి ముందు పట్టాల పక్కన పసుపు రంగు పలక ఒకటి వస్తుంది. దాని మీద ఇంగ్లీషులో డబ్ల్యూ/ఎల్ అనీ, హిందీలో సీ/ఫా అనీ ఉంటుంది. సీటీ, ఫాటక్ అన్నమాట. అక్కడి నుంచి కూత వేయమని లోకో పైలట్‌కు గుర్తు. ఇంత ఏర్పాటు చేసి గేటు వేస్తే మనం స్కూటరును ఒరగదీసి దాని కిందుగా దూర్చేస్తాం. వెనక కూర్చున్న పిల్లలు తల వంచుతారు. అలా తల వంచడం నేనూ చిన్నప్పుడే నేర్చుకున్నాను.

మా అమ్మమ్మగారిది మెదక్ జిల్లా. అక్కడ మాసాయిపేట పేరెత్తితే ఇప్పటికీ మాట ఆగిపోతుంది. 2014 జులై 24న ఉదయం పిల్లలతో వెళ్తున్న బడి బస్సు ఒకటి కాపలా లేని గేటు దగ్గర పట్టాల మీదికి వచ్చింది. నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న ప్యాసింజరు బండి దాన్ని ఢీకొంది. చాలామంది పిల్లలు చనిపోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ దగ్గర ఇలాగే బడి వ్యాను ఒకటి రైలు కింద పడి 13 మంది పిల్లలు పోయారు. అక్కడా గేటు లేదు. ఆ తర్వాత 2019 జనవరి ఆఖరుకల్లా బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లన్నిటినీ తీసేశారు. కొన్నిచోట్ల మనిషిని పెట్టారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి తవ్వారు, కొన్ని మూసేశారు. మాసాయిపేట పిల్లలకు అడ్డం పడే గేటు లేదు. మనకు ఉంది. ఉన్న గేటు కింద నుంచి దూరుతున్నాం. ఈ మాట తలచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

అయితే తప్పంతా దాటేవాళ్లదేనని తేల్చేయడం కూడా నాకు నచ్చదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేషన్లో పలక మీద రాసి ఉంటుంది. ఆ పలక కిందుగానే జనం దిగి దాటుతుంటారు. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన పనిచేసిన రైల్వే భద్రత కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో, పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారని చెప్పింది. భాగిస్తే రోజుకు 41 మంది. మా తరగతిలో ఉన్నది 40 మందిమి. రెండు బండ్లు ఢీకొంటే దేశమంతా వార్త అవుతుంది. ఈ 41 మంది మాత్రం రైలు ప్రమాదాల లెక్కలోకే రారు, ఎందుకంటే వాళ్లు అక్కడ ఉండకూడని మనుషులు.

ఉండకూడనివాళ్లు అక్కడ ఎందుకున్నారు? మా కంత దగ్గరే చూశాను. కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ ఒకావిడ రోజూ దాటుతుంది. ఆవిడ మోకాళ్లకు బ్రిడ్జి మెట్లు ఎక్కడం చేతకాదు. ఇల్లు ఇటు, సంత అటు. గడ్డిలో కాలిబాట పడిందంటే జనానికి అక్కడ దారి కావాలని అర్థం. ఆ బాటను చూసి గోడ కట్టేవాళ్లు, అక్కడే ఒక దారీ కట్టాలి. ఒట్టి గోడ కడితే రెండో నెలకు మళ్లీ కంత పడుతుంది. మా దగ్గర ఇప్పటికి రెండుసార్లు పడింది.

భయపెట్టే పలకలకన్నా బుర్ర ఉపయోగిస్తే పని జరుగుతుందనడానికి ముంబయిలోని వడాలా దగ్గర 2010 ప్రాంతంలో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. జనం ఎక్కువగా దాటే చోట స్లీపర్లకు కొంత దూరం పసుపు రంగు వేశారు. రైలు ఆ పసుపు చారలను ఒక్కొక్కటిగా కప్పేసుకుంటూ వస్తుంటే దాని అసలు వేగం కంటికి తెలుస్తుంది. పొడుగాటి కూతకు బదులు రెండు పొట్టి కూతలు వేయించారు. మధ్యలో విరామం ఉన్న చప్పుడుకు మెదడు తొందరగా మేల్కొంటుంది. మూడోది, రైలు మీదికి వస్తుంటే భయంతో కేక పెడుతున్న మనిషి ముఖాన్ని పెద్ద ఫొటోలుగా పెట్టారు. సెక్షన్ నంబర్లు లేవు, ఉపదేశం లేదు. అక్కడ మరణాలు తగ్గాయి. నాలుగు డబ్బాల పసుపు రంగు మన ఊళ్లో దొరకదా అని నా ప్రశ్న.

మళ్లీ మన దగ్గరికి వస్తాను. బదిలీల పిల్లలకు ఈ విషయంలో ప్రమాదం కాస్త ఎక్కువేనని నాకనిపిస్తుంది. పట్టాల పక్కనే పుట్టి పెరిగినవాళ్లకు ఏ లైను మీద బండ్లు ఎక్కువో, మలుపు ఎక్కడ కంటికి అడ్డం వస్తుందో కొంత తెలుస్తుంది. వాళ్లు కూడా చనిపోతున్నారు, అది వేరే మాట. మనకు అదీ తెలియదు. ‘‘ఈ టైములో బండి రాదు’’ అని పక్కవాడు చెబితే నమ్ముతాం. గూడ్సుకు మనం చూసే టైంటేబులు లేదు. ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్ ఎప్పుడైనా రావచ్చు. 2020 మే 8న మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర, లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు నడిచి వెళ్తున్న కూలీలు బండ్లేవీ తిరగడం లేదనుకుని పట్టాల మీదే పడుకున్నారు. తెల్లవారుజామున గూడ్సు వచ్చింది. 16 మంది పోయారు. 2018 దసరా నాడు అమృత్‌సర్‌లో రావణ దహనం చూస్తూ పట్టాల మీద నిలబడ్డవాళ్లకు టపాసుల మోతలో బండి వస్తున్న సంగతే తెలియలేదు. దాదాపు 60 మంది పోయారు. ఆగి ఉన్న వ్యాగను ఎక్కి ఫొటో దిగాలనుకునేవాళ్లకు ఒక్క మాట: పైనున్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. తాకనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు, అదే దూకి అందుకుంటుంది.

సీసా పోయిన వారం తర్వాత నాన్నకు అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన మర్నాడు ఉదయం మాతో బ్రిడ్జి దాకా నడిచారు, మెట్లు లెక్కపెట్టారు. ఎక్కడానికి 42. తర్వాత క్వార్టర్లవాళ్లం కొందరం కలిసి, కంత ఉన్న చోట కింద నుంచి దారి కావాలనీ, అది అయ్యేదాకా బ్రిడ్జి మీద దీపాలైనా వెలిగించాలనీ అర్జీ రాసి ఇచ్చాం. సంతకాలు 60 దాటాయి. ముసలమ్మ వేలిముద్ర వేసింది. దీపాలు వచ్చాయి. దారి ఇంకా రాలేదు. తమ్ముడు నెల రోజులు సణిగాడు, ఇప్పుడు మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు.

పోయిన వారం మా వెనక బ్లాకులోకి అస్సాం నుంచి కొత్త కుటుంబం వచ్చింది. ఐదో తరగతి పిల్లాడు ఒకడున్నాడు. లారీ ఇంకా పూర్తిగా దిగలేదు, వాడు నా దగ్గరికి వచ్చి హిందీలో అడిగాడు, ‘‘దీదీ, బడికి షార్ట్‌కట్ ఎటు?’’

‘‘ఏడున్నరకు కాదు, ఏడూ పదికల్లా తయారుగా ఉండు’’ అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. రేపు వాడికి బ్రిడ్జి చూపించాలి.